చెక్క విమానానికి ఫినిషింగ్: తోక మీద ముప్పై గ్రాముల రంగు

బాల్సా అనే తేలిక చెక్కతో రేడియో కంట్రోల్ విమానం కట్టేవాళ్లు కట్టేటప్పుడు మహా పిసినారులు. రిబ్బుల్లో, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకల్లో, కన్నాలు పెట్టి రెండు గ్రాములు తగ్గించామని సంబరపడతారు, బరువైన పలక వస్తే పక్కన పడేస్తారు, జిగురు చుక్క ఎక్కువైతే గబగబా తుడిచేస్తారు. తీరా పైన తొడుగు వేసే రోజు వచ్చేసరికి ఆ పిసినారితనం ఎటు పోతుందో గాని, లప్పం ఒక పూత, ప్రైమర్ రెండు పూతలు, రంగు మూడు పూతలు, మెరుపు కోసం ఆ పైన వార్నిష్. నెల రోజులు కూడబెట్టిన గ్రాములు ఒక్క ఆదివారంలో ఖర్చయిపోతాయి. చెక్క విమానానికి ఫినిషింగ్ అంటే ముందు తక్కెడ తీయాలి, అందం సంగతి తర్వాత.

లెక్క చూద్దాం. నేర్చుకునేవాళ్ల విమానాల్లో బాగా పేరున్న కిట్ ఒకటుంది, అమెరికాలో సిగ్ కంపెనీ తెచ్చిన కాడెట్ ఎల్‌టీ-40. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 70 అంగుళాలు, వైశాల్యం 900 చదరపు అంగుళాలు, అంటే 0.58 చదరపు మీటర్లు. ఎగిరే బరువు సుమారు రెండుంపావు నుంచి రెండున్నర కిలోలు. రెక్కకు పైనా కిందా కలిపితే 1.16 చదరపు మీటర్లు, తోకా బాడీ కూడా కలుపుకుంటే మొత్తం ఒంటి మీద కప్పాల్సింది ఉజ్జాయింపుగా రెండు చదరపు మీటర్లు అనుకోవచ్చు. ఇస్త్రీ పెట్టెతో అంటించే మామూలు ప్లాస్టిక్ ఫిల్మ్ చదరపు మీటరుకు 60 నుంచి 70 గ్రాములు తూగుతుంది కాబట్టి విమానం మొత్తానికి ఓ 130 గ్రాములు. రంగూ తొడుగూ మెరుపూ అన్నీ అందులోనే వచ్చేశాయి. అదే పెయింటు అయితే, ఆరిన పొర 25 మైక్రాన్ల మందం ఉన్నా చదరపు మీటరుకు 30 గ్రాములకు పైనే పడుతుంది. ప్రైమర్, రంగు, క్లియర్ అని మూడు పొరలేసుకుంటే వంద, రెండు చదరపు మీటర్లకు రెండు వందలు. దాని కింద గుడ్డో కాగితమో ఫైబర్ గ్లాసో వేరే ఉండాలి, ఎందుకంటే రిబ్బుల మధ్య ఉత్త గాలి మీద రంగు నిలవదు కదా, దాని బరువు దానిదే.

రెండున్నర కిలోల విమానంలో రెండొందల గ్రాములు ఎంతలే అనిపించవచ్చు. బరువు పది శాతం పెరిగితే విమానం గాల్లో నిలబడటానికి కావాల్సిన కనీస వేగం సుమారు ఐదు శాతం పెరుగుతుంది, వేగం బరువుకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది గనక. ఐదు శాతమంటే పెద్ద విపత్తేం కాదు, నిజమే. కాని అసలు దెబ్బ అక్కడ లేదు, తోక దగ్గర ఉంది.

ఇలాంటి విమానంలో సీజీ, అంటే విమానం సమంగా తూగే చోటు, రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. అక్కణ్ణించి ముక్కు జానెడున్నర దూరంలో ఉంటే తోక నాలుగు జానల దూరంలో ఉంటుంది. ఏతాం దూలం లాంటిదన్నమాట, పొడుగు వైపు బిందెడు నీళ్లుంటే పొట్టి వైపు బండరాయి కట్టాలి. తోక మీద రంగు ముప్పై గ్రాములు ఎక్కితే, దాన్ని తూచడానికి ముక్కులో దాదాపు ఎనభై గ్రాముల సీసం పెట్టాలి. ముప్పై కాస్తా నూట పది అయింది. ఆ ఎనభై గ్రాములు ఏ పనీ చెయ్యవు, ఇంజనుకు బలం ఇవ్వవు, రెక్కకు గట్టితనం ఇవ్వవు, ఊరికే మోసుకు తిరగడమే. ముక్కులో సీసం ముక్కలు దట్టించిన విమానం కనిపిస్తే పదింట తొమ్మిదిసార్లు తోక దగ్గర ఎవరో చేయి బరువుగా వేశారని అర్థం.

దీన్ని బట్టి ఫినిషింగ్ ఎక్కడ మొదలవుతుందో కూడా తేలిపోతుంది: చెక్క ఎంచుకునే దగ్గర. బాల్సా చెట్టు మన బూరుగుకు చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. పుట్టింది మధ్య, దక్షిణ అమెరికాల్లో, ప్రపంచానికి ఎక్కువగా అందేది ఈక్వెడార్ నుంచి. 2020 ప్రాంతంలో చైనాలో గాలిమరల నిర్మాణం ఊపందుకున్నప్పుడు, వాటి రెక్కల లోపల కూరడానికి బాల్సా టన్నులకు టన్నులు పోయి, విమానాలు కట్టుకునేవాళ్లకు పలకలు దొరక్క ధరలు పెరిగిపోయిన సంగతి చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఇంత తేలిక చెక్కయినా అన్ని పలకలూ ఒక్కలా ఉండవు. ఘనపు మీటరుకు వంద కిలోలకు లోపు తూగేదీ ఉంటుంది, రెండొందలు దాటేదీ ఉంటుంది, చూడటానికి రెండూ అదే లేత గోధుమ రంగు. ఇంట్లో చిన్న డిజిటల్ తక్కెడ ఉంటే ప్రతి పలకనూ తూచి మూల మీద పెన్సిల్‌తో రాసుకోవడం మంచి అలవాటు: గట్టివి రెక్క పొడుగునా వెళ్లే దూలాలకు (స్పార్లకు), మధ్యరకం బాడీకి, అన్నిటికన్నా తేలికైనవి తోకకు. తోకలో చెక్క పది గ్రాములు తగ్గితే ఆ పైన ఫిల్మ్ సుఖంగా వేసుకోవచ్చు.

తేలిక చెక్క అనగానే మనవాళ్లకు కొండపల్లి గుర్తుకు రావాలి. అక్కడ బొమ్మలకు వాడే తెల్ల పొణికి కూడా చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. ముక్కల్ని అతికి, సందుల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో నింపి, సున్నం పూసి, ఆరాక రంగులద్దుతారు. పద్ధతి చూస్తే విమానం ఫినిషింగ్‌కు అక్షరాలా ఇదే వరస: నింపు, రుద్దు, మూసెయ్యి, రంగెయ్యి. తేడా ఒక్కటే, దశావతారాల బొమ్మ అల్మరాలో కూర్చుంటుంది కాబట్టి మక్కు ఎంత పెట్టినా అడిగేవాడు లేడు.

సందులు నింపడం దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. హార్డ్‌వేర్ షాపులో దొరికే గోడ లప్పం తెల్ల సిమెంటుతో చేసింది, బాల్సా మీద దానికి పనేం లేదు, బరువు సరే, చెక్కకన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉండి రుద్దేటప్పుడు పక్కనున్న చెక్క అరిగిపోతుంది గాని అది అరగదు. జిగురు సంగతీ అంతే. ఫెవిక్విక్ లాంటి సైనో జిగురు క్షణంలో పట్టేస్తుంది, కాని ఆరాక గాజులా ఉంటుంది. అతుకు మీద గరుకు కాగితం ఆడిస్తే జిగురు గీత గట్టులా లేచి నిలబడుతుంది, దానికి అటూ ఇటూ బాల్సా గుంట పడుతుంది. అప్పుడా గుంట నింపడానికి ఇంకొంచెం ఫిల్లరు, మళ్లీ రుద్దుడు. పైకి కనిపించే అతుకులకు చెక్కపని చేసే పసుపు జిగురో ఫెవికాలో వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు, ఆలస్యమవుతుంది అంతే. ఫిల్లరు తప్పనిసరైతే చేత్తో పట్టుకుంటే బరువే తెలియని తేలికరకం స్పాకిల్ వాడాలి, అది దొరక్కపోతే బాల్సా పొట్టులో నీళ్లు కలిపిన ఫెవికాల్ కొద్దిగా. చెక్క మీద గోరో సుత్తో తగిలి నొక్కు పడితే అసలు ఫిల్లరే అక్కర్లేదు, ఒక నీటి చుక్క వేసి కాసేపాగి వేడి ఇస్త్రీ మొన తాకిస్తే నలిగిన నార ఉబ్బి పైకి వచ్చేస్తుంది. గ్రాము ఖర్చు లేని రిపేరు ఇదొక్కటే.

రుద్దడం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే విమానం ఎలా కనిపిస్తుందో, కొంతవరకు ఎలా ఎగురుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. కాగితాన్ని వేళ్ల కింద పెట్టి రుద్దడం మొదటి తప్పు. వేళ్లు మెత్తగా ఉంటాయి, అవి గట్టిచోట తేలి మెత్తచోట దిగుతాయి, ఫలితం అలలు అలలుగా ఉన్న రెక్క. వంకర లేని అల్యూమినియం పట్టీకో చదునైన చెక్కకో కాగితం అంటించి, అదీ కనీసం మూరెడు పొడుగున్నది తీసుకుని, ఒకేసారి మూడు నాలుగు రిబ్బుల మీద ఆనేలా కొద్దిగా ఏటవాలుగా నడపాలి. ఆకారం తేవడానికి 120 లేదా 150 నంబరు, గీతలు పోవడానికి 220, చివర 320. ఫిల్మ్ వేసేటట్టయితే అక్కడితో ఆపేయొచ్చు, రంగు వేసేటట్టయితే 400 దాకా వెళ్లాలి. ముక్కుకు మాస్కు తప్పదు, బాల్సా పొడి చాలా సన్నం.

ముందు అంచు దగ్గర తొందర పనికిరాదు. కత్తిలా పదునుగా రుద్దేస్తే చూడ్డానికి జెట్ విమానంలా బాగుంటుంది, కాని నెమ్మదిగా దిగేటప్పుడు ఆ రెక్క చెప్పాపెట్టకుండా స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని ఎత్తిపట్టే బలం ఒక్కసారిగా కోల్పోతుంది. ఎడమ రెక్క ఒక గుండ్రం, కుడి రెక్క ఇంకో గుండ్రం అయిందంటే ఒక వైపు ముందు స్టాల్ అయి విమానం పక్కకు పల్టీ కొడుతుంది. ప్లానులో ఉన్న ఆకారాన్ని అట్టముక్క మీద కత్తిరించుకుని ప్రతి నాలుగు అంగుళాలకూ ఆనించి చూసుకుంటే సరిపోతుంది, పది నిమిషాల పని. రుద్దడం అయిందో లేదో కంటితో తెలీదు. గదిలో దీపం ఆర్పి టార్చి పక్కనుంచి వాలుగా వేసి చూడాలి, లేదా కళ్లు మూసుకుని అరచేత్తో తడమాలి, చెయ్యి అబద్ధం చెప్పదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫిల్మ్ లోపాల్ని దాచుతుందని కొత్తవాళ్లకు ఒక భ్రమ ఉంటుంది. అది ఉన్నదాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. మెరిసే ఎర్ర ఫిల్మ్ కింద బియ్యపు గింజంత జిగురు బొట్టు ఎండలో చింతపిక్కంత కనిపిస్తుంది.

తొడుగు వేసే ముందు ఇంకో పని ఉంది, చాలామంది వెనక్కి నెట్టేది. విమానాన్ని ఉత్త చెక్కగా ఉన్నప్పుడే పూర్తిగా బిగించి చూడాలి: ఇంజనో మోటారో, సర్వోలు (కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్లు), బ్యాటరీ, రిసీవరు, చక్రాలు, పుష్‌రాడ్లు (సర్వో నుంచి పలకకు వెళ్లే కడ్డీలు), హింజ్‌ల గాట్లు, రెక్క బోల్టుల కన్నాలు అన్నీ. రెక్క బాడీ మీద సరిగా కూర్చుందా, తోక దానికి సమాంతరంగా ఉందా వెనక నుంచి ఒక కన్ను మూసి చూడాలి. సీజీ కూడా అప్పుడే ఒకసారి తూచుకోవాలి, తోక మీదికి ఇంకా ఇన్ని గ్రాములు ఎక్కబోతున్నాయని లెక్క కలుపుకుని మరీ. అప్పటికే తోక బరువని తేలితే సర్వోలను ముందుకు జరపొచ్చు, బ్యాటరీకి ముక్కులో చోటు చెయ్యొచ్చు. ఫిల్మ్ వేశాక చేతిలో మిగిలే మందు సీసం ఒక్కటే. మెథనాల్ తాగే గ్లో ఇంజను పెట్టేటట్టయితే ఇంజను బిగించే ఫైర్‌వాల్, ట్యాంకు గది లోపల, కన్నాల అంచులు, ఎక్కడెక్కడ ఉత్త చెక్క కనబడితే అక్కడల్లా పల్చని ఎపాక్సీ జిగురు పూయాలి. ఇంధనంలో ఇరవై శాతం దాకా నూనె ఉంటుంది, కొన్నిట్లో అది మన ఆముదమే, సైలెన్సర్లోంచి చిమ్మి ఒకసారి చెక్కలోకి ఇంకిందంటే ఇక దేవుడు దిగొచ్చినా అక్కడ జిగురు పట్టదు. కరెంటు మోటార్లు వచ్చాక ఈ బాధ తప్పింది, నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు కూడా ఇప్పుడు వాడుకోగలుగుతున్నారంటే కారణం అదే.

ఇక ఫిల్మ్. అమెరికా మోనోకోట్ ఒకప్పుడు ఎంత పేరున్నదంటే ఏ ఫిల్మ్‌నైనా ఆ పేరుతోనే పిలిచేవాళ్లు, 2018లో దాని యజమాని కంపెనీ హాబికో దివాలా తీశాక అది కనబడటం తగ్గిపోయింది. జర్మనీలో తయారయ్యే ఓరాకవర్, అదే అమెరికాలో అల్ట్రాకోట్ పేరుతో అమ్ముడయ్యేది, తక్కువ వేడికే అంటుకుంటుంది, కాబట్టి కొత్తవాళ్లకు అది నయం. ఏ కంపెనీదైనా రహస్యం ఒక్కటే: రెండు వేడులు ఉంటాయి. వెనకున్న జిగురు కరిగి అంటుకునే వేడి తక్కువ, ఫిల్మ్ ముడుచుకుని బిగిసే వేడి ఎక్కువ. ఓరాకవర్ రకానికైతే అంటించడానికి వంద డిగ్రీల చుట్టుపక్కల, బిగించడానికి నూట యాభై చుట్టుపక్కల. మోనోకోట్‌కు రెండూ ఇంకా ఎక్కువ కావాలి. ఈ రెండూ కలిపేసి మొదట్నుంచీ ఇస్త్రీ పెట్టె ఎర్రగా కాల్చి పెట్టుకున్నవాళ్లకు అంచు అంటుకునే లోపే ఫిల్మ్ ముడతలు పడి చేతిలో చిప్స్ ప్యాకెట్టులా నలిగిపోతుంది. పెట్టె డయల్ మీద అంకెల్ని నమ్మకుండా, చిన్న ముక్కను పనికిరాని బాల్సా మీద వేసి ఎక్కడ అంటుతోందో ఎక్కడ ముడుచుకుంటోందో చూసుకుని డయల్ మీద రెండు గుర్తులు పెట్టుకోవాలి. ఇంట్లో బట్టల ఇస్త్రీ పెట్టెతో కూడా పని నడుస్తుంది, పెద్దదిగా ఉండి మూలల్లో దూరదు అంతే, అడుగున పాత బనియను గుడ్డ బిగించి కడితే గీతలు పడవు.

మొదలుపెట్టే ముందు దుమ్ము. రుద్దిన పొడి నారల సందుల్లో కూర్చుని ఉంటుంది, ఫిల్మ్ జిగురు దానికే అంటుకుంటుంది గాని చెక్కకు కాదు, వారం తర్వాత అంచు లేస్తే కారణం ఇదే. వాక్యూమ్ క్లీనరుతో లాగి, ఆ తర్వాత కొద్దిగా జిగటగా ఉండే టాక్ క్లాత్‌తో తుడవాలి. కిందివైపు ముందు, పైవైపు తర్వాత, అప్పుడు అతుకు గీత పైనుంచి చూసేవాడికి కనబడదు. వెనకవైపు ముక్క మొదట వేసి, ముందువైపు ముక్క దాని మీదికి ఐదారు మిల్లీమీటర్లు ఎక్కేలా వెయ్యాలి, పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు, లేదంటే ఎదురుగాలికి అంచు లేచిపోతుంది. లేత రంగు మీద ముదురు రంగు ఎక్కాలి. పసుపు కింద నలుపు గీత పడితే అది జీవితాంతం అలా కనబడుతూనే ఉంటుంది. రిబ్బులున్న రెక్కకు చుట్టూ అంచులు మాత్రం అంటించి, ఎదురెదురు మూలల్లో లాగి పట్టి, అంతా అయ్యాకే మధ్యలో వేడి చూపించాలి. అంటించిన అతుకుల మీద తడిగుడ్డ వేసి ఉంచి హీట్ గన్ తిప్పితే అతుకు వదలదు. రెక్క అడుగు లోపలికి వంగి ఉన్న డిజైన్ అయితే మాత్రం ప్రతి రిబ్బుకూ అంటించాలి, లేకపోతే ఫిల్మ్ బిగిసినప్పుడు రిబ్బుల్ని వదిలేసి అడ్డంగా తీగలా సాగి, కష్టపడి చేసిన ఆ వంపు కాస్తా మాయమవుతుంది.

గట్టి పలక ఉన్నచోట బుడగలు లేస్తాయి. బాల్సా లోపలి గాలి వేడికి ఉబ్బి బయటికి రావడానికి దారి లేక ఫిల్మ్ కింద చేరుతుంది. వేడి తగ్గించి మధ్య నుంచి అంచులకు పెట్టె నడపాలి, అప్పటికీ లేస్తే సన్నని సూదితో పొడిచి గుడ్డతో నొక్కాలి. ఇదే కారణానికి ఫిల్మ్ కింద సీలర్ కొట్టకుండా చెక్కను ఉత్తగా వదలడం మేలు, ఆ గాలి చెక్కలోకే ఇంకడానికి చోటుంటుంది. ఫిల్మ్ మీద ఫిల్మ్ వేసే నక్షత్రాలు, చారలు అసలు వేడితో వేయకూడదు. కొలిన్ లాంటి గాజు తుడిచే ద్రవం చిమ్మి, ముక్కను తేలించి చోటు సర్ది, పాత ఏటీఎం కార్డుతో నీళ్లు నెట్టేసి, ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు తక్కువ వేడితో అంచులు మాత్రం అదమాలి. ఎవరు కనిపెట్టారో గాని మహానుభావుడు.

ఫిల్మ్ లేని రోజుల్లో పద్ధతి వేరు. సన్నని టిష్యూ కాగితమో పట్టుగుడ్డో చెక్కకు అంటించి డోప్ పూసేవారు. డోప్ అంటే సెల్యులోజ్ నుంచి చేసిన పదార్థాన్ని ద్రావకంలో కరిగించిన లక్క లాంటిది, ఆరుతూ ముడుచుకుని గుడ్డను డప్పులా బిగిస్తుంది. నైట్రేట్ రకం బాగా అంటుకుంటుంది గాని నిప్పు చూస్తే భగ్గుమంటుంది, గ్లో ఇంధనానికి కరుగుతుంది. బ్యుటిరేట్ ఇంధనానికి తట్టుకుంటుంది. నైట్రేట్ మీద బ్యుటిరేట్ వెయ్యొచ్చు, తలకిందులుగా వెయ్యకూడదు. మరీ బిగిసి రెక్కను మెలితిప్పకుండా పాతకాలం వాళ్లు డోప్‌లో నాలుగు చుక్కల ఆముదం కలిపేవారు, చెక్క నార సందులు మూయడానికి అదే డోప్‌లో ముఖానికి రాసుకునే టాల్కమ్ పౌడరు కలిపి పూసేవారు. రెండూ ఇప్పటికీ పనిచేసే చిట్కాలే. మన కోస్తాలో వానాకాలం డోప్ పని పెట్టుకుంటే ఒక చిక్కుంది: ద్రావకం ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద చేరి ఆరాక బూజు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. విశాఖలో ఆగస్టులో చేసే పని కాదది, ఫిబ్రవరి దాకా ఆగడమే మంచిది. కిటికీలు తెరిచి ఉంచాలని వేరే చెప్పక్కర్లేదు, వాసనకే తల తిరుగుతుంది.

గుడ్డ, డోప్ అనగానే ఇంకో ముచ్చట. చెక్క విమానాల్లో అన్నిటికన్నా ఘనమైనది బ్రిటన్ డి హావిలాండ్ మస్కిటో, 1940 నవంబరులో మొదటిసారి ఎగిరింది, ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిన బాడీ. ఆ చెక్క మీద కప్పి డోప్ పూసిన నూలుగుడ్డ పేరు మడపోలం. ఆ పేరు నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంది, ఈస్టిండియా కంపెనీ వాళ్లకు అక్కడ బట్టల వర్తకపు కోఠీ ఉండేది, ఊరి పేరు నోరు తిరక్క మడపొల్లం అన్నారు, అది గుడ్డ పేరైపోయింది. మస్కిటో నాటికి ఆ గుడ్డ ఎక్కడెక్కడో నేసేవారు, కాని పేరు మాత్రం గోదావరి ఒడ్డుదే.

పెయింటు వద్దని కాదు ఇదంతా. పాత యుద్ధ విమానాన్ని నమూనాగా కట్టుకున్నవాడు దానికి మెరిసే ప్లాస్టిక్ తొడుగు వేస్తే పెళ్లికొడుక్కి రెయిన్‌కోటు తొడిగినట్టుంటుంది. అలాంటివాటికి పైనంతా బాల్సా పలక పరిచి, చదరపు మీటరుకు ఇరవై అయిదు గ్రాముల లోపు తూగే సన్నని ఫైబర్ గ్లాసు గుడ్డను ఎపాక్సీతో అంటించి, ఆ మీద రంగు వేస్తారు. ఇక్కడ గుడ్డ బరువు కన్నా రెజిన్, అంటే ఆ ఎపాక్సీ బరువే ముంచుతుంది. రెజిన్ పోసి కార్డుతో గీకి, ఇంకా మిగిలినదాన్ని టాయిలెట్ పేపర్ రోల్‌ను గుడ్డ మీద దొర్లిస్తూ పీల్పించాలి, గుడ్డ నేత కొద్దిగా కనబడుతూ ఉంటే సరిగ్గా చేసినట్టు. ఆ నేత గుంటల్ని ప్రైమర్ నింపుతుంది, ఆరాక ఆ ప్రైమర్లో ముప్పాతిక వంతు తడి కాగితంతో రుద్ది తీసెయ్యాలి. పూసినదంతా తీసెయ్యడానికేనా పూసింది అని విసుగొస్తుంది. అవును, గుంటల్లో ఉన్నదే కావాలి, గట్ల మీద ఉన్నది ఒట్టి బరువు.

రంగు ఎంత పల్చనైనా ఎలివేటరు, రడ్డరు, ఎయిలరాన్లు, అంటే తోకలోనూ రెక్కల్లోనూ కదిలే పలకల మీద మరీ జాగ్రత్తగా ఉండాలి. హింజ్‌కు వెనక బరువు పెరిగేకొద్దీ, వేగం అందుకున్నప్పుడు ఆ పలక జెండాలా కొట్టుకోవడం మొదలుపెట్టే ప్రమాదం పెరుగుతుంది. దీన్నే ఫ్లటర్ అంటారు. గాల్లో బుర్ర్‌మని ఒక శబ్దం, రెండు సెకన్లలో పలక ఊడి పడటం, ఆ తర్వాత ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వదులు పుష్‌రాడ్లూ, హింజ్ దగ్గర పెద్ద ఖాళీలూ తోడైతే ఇంకా తొందరగా వస్తుంది. ఆ ఖాళీని కింది నుంచి ఫిల్మ్ పట్టీతో మూసేస్తే కంట్రోల్ కూడా పదునుగా పనిచేస్తుంది.

ఏ రంగు అనేది అందం సంగతే అనుకుంటారు గాని విమానం దూరం వెళ్లాక రంగులు సరిగా ఆనవు, నల్లటి నీడలాగే కనబడుతుంది. అది వస్తోందా పోతోందా, పొట్ట కనబడుతోందా వీపు కనబడుతోందా తెలియకే కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా నేలకూలేది. పైన లేత పసుపో తెలుపో, కింద పెద్ద నల్ల చారలో గళ్లో వేస్తే రెండూ వేరని కన్ను వెంటనే పట్టుకుంటుంది. మన ఎండాకాలం ఆకాశం నీలంగా కూడా ఉండదు, పాలిపోయిన తెలుపు, అందులో పైనా కిందా అంతా తెల్లగా ఉన్న విమానం గాల్లోకి లేచాక ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. లేత నీలమైతే ఆలోచన కూడా వద్దు.

తొడుగంతా వేశాక విమానం మళ్లీ కొత్త విమానమే, ఎందుకంటే బిగిసిన ఫిల్మ్ రెక్కను మెలితిప్పగలదు. రిబ్బులు తెరిచి ఉన్న రెక్కలో మెలికను తట్టుకునే గట్టితనంలో మంచి భాగం ఈ తొడుగు నుంచే వస్తుంది, అంటే తొడుగు ఏ ఆకారంలో బిగిసిందో రెక్క ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. చదునైన బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడాలి. ఒక మూల లేస్తే, ఒకరు రెక్కను దానికి ఎదురుగా కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకోవాలి, ఇంకొకరు ముడతలు పోయేదాకా పైనా కిందా వేడి చూపించాలి, చల్లారేదాకా వదలకూడదు. రెక్క కొసల్లో వెనక అంచు రెండు వైపులా సమానంగా ఓ రెండు డిగ్రీలు పైకి ఉండేలా కావాలనే ఇలా మెలితిప్పేవాళ్లు ఉన్నారు, దానివల్ల నెమ్మదిగా దిగేటప్పుడు కొసలు చివర్న స్టాల్ అవుతాయి, విమానం పక్కకు పడిపోదు. ముక్కు దగ్గరా తోక చివరా రెండు వేళ్ల మీద ఎత్తి ఎడమ కుడి తూకం కూడా చూడాలి, ఒక రెక్క కిందికి వాలుతుంటే ఎదుటి రెక్క కొసలో రెండు మేకులు సరిపోతాయి.

ఎంత బాగా బిగించినా మే నెల ఎండలో ఫిల్మ్ వదులవుతుంది. ముదురు రంగులు వేడిని ఎక్కువ పీలుస్తాయి, కింద చెక్క ఎండుతూ తేమ తాగుతూ కుంచించుకుంటూ ఉబ్బుతూ ఉంటుంది, రెండిటికీ పొత్తు కుదరక ముడతలు. కారు డిక్కీలో రెండు గంటలు ఉంచి తీస్తే ముసలావిడ చెయ్యిలా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, ఇస్త్రీ పెట్టె ఫిల్మ్‌ను బిగించే వేడి మీద ఒకసారి నడిపిస్తే మళ్లీ బిగుస్తుంది, కాని ముందు అతుకులన్నీ గోటితో తడిమి లేచినవి అంటించుకోవాలి, ఆ తర్వాతే మధ్య భాగం. ఆ పని అయ్యాక రెక్కను ఇంకోసారి బల్ల మీద పెట్టి మూలలు చూసుకోవాలి.